చెరసాలకు సిద్ధపడిన కార్మిక మిత్రుడు: వరాహగిరి వెంకటగిరి

చెరసాలకు ఈడ్వబడి పోవుట యొకటి. సిద్ధపడి పోవుట మరియొకటి. మొదటిదానిలో మనుష్యునికి ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. రాత్రివేళ తలుపు తట్టిన చప్పుడు, భటుల చేతి పట్టు, మూసిన బండి, ఇంతే. రెండవదానిలో మనుష్యుడు తన యింటి గడప తానే దాటును. అప్పుసప్పులు తీర్చి, పెద్దలకు నమస్కరించి, పిల్లల తలలు నిమిరి, తాను ఏ ద్వారమున ప్రవేశింపవలెనో ఎరిగియే బయలుదేరును. కైసరయలో ఫిలిప్పు ఇంట అపొస్తలుడైన పౌలు ఈ విధముగనే నిలిచెను. అగబు ప్రవక్త పౌలు నడికట్టు తీసి తన చేతులు కాళ్లు కట్టుకొని రానున్న బంధకములను కన్నులకు కట్టినట్లు చూపినప్పుడు, చుట్టునున్నవారు కన్నీటితో బతిమాలుకొనిరి. పౌలు మాత్రము ప్రయాణము మానలేదు.

గడచిన శతాబ్దమున మన దేశములో వేలకొలది గృహములు అటువంటి వీడ్కోలును చూచినవి. ఆ గృహములలో ఒకటి గంజాం జిల్లా బరంపురమునందలి వరాహగిరివారి యిల్లు. ఆ యింటినుండి చెరసాలకు నడచిన కుమారుడు పిమ్మట భారతదేశమునకు రాష్ట్రపతి అయ్యెను. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను బీదల పక్షమున నిలుచుటకును, అందుకు వెల చెల్లించుటకును ముందుగానే లెక్క చూచుకొనిన ఆయన జీవితము ప్రతి విశ్వాసియు ఒకసారి తెలిసికొనదగినది.

వరాహగిరి వెంకటగిరి 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించెను. ఆ కాలమున ఆ పట్టణము మదరాసు రాజధానిలోనిది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు దానిలో చేరెను. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ ఇంటి పనులతోనే తృప్తిపడిన స్త్రీ కాదు. శాసనోల్లంఘన దినములలో మద్యపాన నిషేధము కొరకు జరిగిన ఆందోళనకు ఆమె ముందు నడచి అరెస్టయ్యెను. తల్లియు కుమారుడును ఒకే కారణము నిమిత్తము, అనగా సారా దుకాణములవలన పాడగుచున్న బీద సంసారముల నిమిత్తము, చెర ననుభవించిన కుటుంబములు మన చరిత్రలో అరుదు.

బరంపురములోని ఖల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట, 1913లో గిరి న్యాయశాస్త్రము నభ్యసించుటకు ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమైన డబ్లిన్ చేరెను. కన్నవారి కోరిక కుమారుడు బారిస్టరై రావలెననియే. అయితే ఆ పట్టణము ఆయనకు న్యాయశాస్త్రముతోపాటు మరియొక పాఠము నేర్పెను. ఆయన అడుగుపెట్టిన సంవత్సరముననే డబ్లిన్‌లో యజమానులు సంఘములో చేరిన పనివారికి పని ద్వారములు మూసివేసిరి. సుమారు ఇరువదివేలమంది కార్మికులు నెలల తరబడి జీతములేక, పిల్లలకు రొట్టెలేక, చలిలో నిలిచిరి. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కనోలీ వారి నాయకులు. పరాయి దేశమున చదువుకొనవచ్చిన పందొమ్మిదేండ్ల తెలుగు యువకుడు ఆకలిని ఆయుధముగా వాడు యజమానిని, ఆకలిని ఓర్చుకొను పనివానిని చూచెను. పదునాలుగు సంవత్సరములకు పిమ్మట ఇదే దృశ్యము తన జనుల మధ్య ఎదురగునని అప్పుడాయన ఎరుగడు.

1914లో లండనులో గాంధీగారిని కలిసికొను అవకాశము ఆయనకు కలిగెను. 1916 ఏప్రిల్ మాసములో, ఈస్టరు పండుగ మరునాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు చెలరేగెను. అది కొద్ది దినములలోనే అణచివేయబడెను. మే మాసములో నాయకులను ఒకరి తరువాత ఒకరిని కాల్చి చంపిరి. వారిలో విశ్వవిద్యాలయ కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించిన తామస్ మాక్‌డొనా ఒకడు. గాయములతో నిలువలేని కనోలీని కుర్చీకి కట్టి కాల్చిరి. ఆ ఉద్యమకారులతో పరిచయములుండుటచేత గిరిపై ప్రభుత్వమునకు అనుమానము కలిగెను. దేశము విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను. ఆ విధముగా బారిస్టరు కావలెనని వెళ్లిన యువకుడు, నమ్మిన మాట కొరకు ప్రాణములిచ్చిన మనుష్యుల జ్ఞాపకమును హృదయములో పెట్టుకొని 1916లో స్వదేశమునకు తిరిగివచ్చెను.

బరంపురములో ఆయన న్యాయవాదిగా పని ప్రారంభించెను. తండ్రి పేరు, విదేశపు చదువు, చురుకైన బుద్ధి ఉన్నవానికి ఆ వృత్తిలో ధనము కొరవగాదు. అయితే 1920లో గాంధీగారు సహాయ నిరాకరణమునకు పిలుపునిచ్చినప్పుడు గిరి ఆ వృత్తిని విడిచిపెట్టెను. ఇది ఆయన చేసిన మొదటి సిద్ధపాటు. చెరసాలకు పోవువాడు ముందుగా తనను ఇంట కట్టిపడవేయు సుఖములలో కొన్నిటిని విప్పుకొనవలెను. సంపాదనను చేతులార విడిచినవానికి ఇల్లు విడుచుట అంతటి కష్టముగా తోచదు.

1922లో సారా దుకాణములకు వ్యతిరేకముగా ప్రదర్శన జరిపినందుకు ఆయన అరెస్టయి చెరసాలకు పోయెను. ఆ కాలమున కల్లు, సారా అమ్మకములు ప్రభుత్వమునకు పెద్ద ఆదాయము. దుకాణముల హక్కును ప్రతి సంవత్సరము వేలము వేసెడివారు. కూలి చేతికి వచ్చిన సాయంకాలము ఆ డబ్బు ఇంటికి చేరకముందే దుకాణములో ఖర్చయ్యెడిది. తాగుబోతు ఇంటి భార్యకు మిగులునది దెబ్బలు, ఖాళీ కుండ. మద్యపానమునకు ఎదురు నిలుచుట రాజద్రోహమని ఎంచబడిన ఆ దినములలో, దుకాణము ఎదుట నిలిచినవాడు ప్రభుత్వపు బొక్కసము ఎదుట నిలిచినట్లే. గిరికి ఇది తెలియును. తెలిసియే నిలిచెను.

ఇక ఆయన జీవితములో ఖరగపూరు ప్రవేశించెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వంగదేశపు మేదినీపూర్ జిల్లాలో, ఎర్రమట్టి బయళ్ల నడుమ, పందొమ్మిదవ శతాబ్దపు చివర నెలకొల్పిన పట్టణమది. ఒక పెద్ద జంక్షను, దాని ప్రక్కన విశాలమైన వర్క్‌షాపు, వాటి చుట్టు వరుసలుగా పనివారి క్వార్టర్లు. తూర్పుతీరపు రైలుమార్గములో కటకము మొదలు విశాఖపట్టణము వరకుగల భాగము 1902లో ఆ కంపెనీ క్రిందికి వచ్చెను. గంజాం, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు ఆ రైలు పట్టాల వెంబడియే ఉత్తరమునకు పోయి, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గాంగు కూలీలుగా ఖరగపూరులో స్థిరపడిరి. గోల్‌బజారు, నిమ్‌పురా, మథురాకాటి వంటి పేటలలో వంగభాష, హిందీతోపాటు తెలుగును వినబడెడిది. ఆ పట్టణములో తెలుగు కుటుంబములు నేటికిని కలవు. ఆ స్టేషను ప్లాట్‌ఫారము చిరకాలము లోకములో కెల్ల పొడవైనదని పేరుపొందెను.

అయితే కంపెనీ పట్టణములో బ్రదుకుటలో ఒక చిక్కు కలదు. పని కంపెనీది, ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. పని పోయిన దినమున తలదాచుకొను ఇల్లును పోవును. కోపగించిన ఫోర్‌మన్ ఒక్క మాట వ్రాసిన చాలును, పదునైదేండ్లు పనిచేసినవాడు భార్యాబిడ్డలతో వీధిలో నిలువవలసివచ్చును. ఇట్టి మనుష్యులకు సంఘము తప్ప వేరు ఆశ్రయము లేదు. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును నిర్మించి నడిపించెను. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యను స్థాపించినవారిలో ఆయన ఒకడు. దశాబ్దమునకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసెను. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను.

1927వ సంవత్సరము ఖరగపూరు కార్మికులకు అగ్నిపరీక్ష. ఫిబ్రవరి మాసములో సమ్మె ప్రారంభమయ్యెను. స్టేషనువద్ద కూడిన కార్మికులపై పోలీసులును సహాయక దళమువారును బలప్రయోగము చేసిరి, తుపాకులు మ్రోగెను, పలువురు గాయపడిరి. మార్చి రెండవ వారమున సమ్మె ముగిసెను. ఆ సంవత్సరమే గిరి భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవా నగరమున అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లెను. శరదృతువు ప్రారంభమునకు కథ మరల మొదటికి వచ్చెను. వర్క్‌షాపులో వెయ్యిమందికి పైగా పనివారిని తగ్గించుటకు కంపెనీ నిశ్చయించెను. పనివారు దీనిని ఎదిరించిరి. సెప్టెంబరులో వర్క్‌షాపు ద్వారములు మూయబడి, డిసెంబరు వరకు తెరువబడలేదు. డబ్లిన్‌లో పందొమ్మిదేండ్ల వయస్సున చూచిన దృశ్యమును గిరి ఇప్పుడు స్వజనుల మధ్య చూచెను. అచ్చట ఆయన ప్రేక్షకుడు. ఇచ్చట ఆయనయే బాధ్యుడు.

మూడు మాసములు జీతములేని ఇల్లు ఏలాగుండునో బీదరికమెరిగినవారికి చెప్పనక్కరలేదు. మొదటి మాసమున చిల్లర దుకాణదారుడు అప్పు పెట్టును. రెండవ మాసమున ముఖము చాటువేయును. మూడవ మాసమున భార్య మెడలోని పుస్తెలు కుదువకు పోవును. ఇట్టి సమయమున కోపముతో ఒక్కడు రాయి విసరిన చాలును, వేలమంది ఓర్పు వ్యర్థమగును. కాబట్టి గిరి కార్మికులకు బోధించిన మొదటి నియమము అహింస. సమ్మె చేయువాడు ఆకలికి సిద్ధపడవలెను, అరెస్టుకు సిద్ధపడవలెను, కాని చేయి ఎత్తుటకు సిద్ధపడరాదు. ఆ పోరాటము ఫలితముగా కార్మికుల కోరికలలో కొన్నిటిని కంపెనీ అంగీకరింపవలసివచ్చెను. నాయకుడు జెయిలుకు పోవుట చరిత్రలో వ్రాయబడును. పనివాని యింటి పొయ్యి మూడు మాసములు చల్లారియుండుట ఎక్కడను వ్రాయబడదు. దేవుని లెక్కలో మాత్రము రెండును గలవు.

ఆ దినములలో కార్మికుల పక్షమున నిలిచిన మరియొక పుణ్యపురుషుని ఈ సందర్భమున స్మరింపవలెను. చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ ఇంగ్లండు దేశీయుడు, ఆంగ్లికన్ సంఘపు బోధకుడు. 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చి, 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూయువరకు ఈ దేశపు దీనులకొరకు బ్రదికెను. ఫిజీ ద్వీపములలో ఒప్పందపు కూలీలుగా బానిస బ్రదుకు బ్రదుకుచున్న భారతీయులను, వారిలో తెలుగువారిని సహితము, స్వయముగా పోయి చూచి, ఆ పద్ధతి రద్దగుటకు పాటుపడెను. 1921లో టూండ్లా రైల్వే కార్మికుల మధ్య పనిచేసెను. 1927 నాటి ఖరగపూరు వివాదములోను కార్మికుల పక్షమున తన పలుకుబడి నుపయోగించెను. పాలించు జాతిలో పుట్టి, పాలింపబడు కూలీల ప్రక్కన నేలమీద కూర్చొనిన ఆండ్రూసును చూచినవారికి సువార్త అనగా ఏమో మాటలు లేకుండగనే బోధపడెను.

ఖరగపూరు పట్టణము శివారునగల హిజ్లీ గ్రామములో 1930లో ప్రభుత్వము ఒక నిర్బంధ శిబిరమును తెరచెను. మామూలు చెరసాలలు రాజకీయ ఖైదీలతో నిండిపోవుటయే దీనికి కారణము. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి అక్కడి కావలివారు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇద్దరు యువకులు మరణించిరి. వారి మృతదేహములను తీసికొనిపోవుటకు సుభాష్ చంద్ర బోసు వచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు కలకత్తాలో బహిరంగ సభలో తన నిరసనను తెలిపెను. ఆ విధముగా, రైలు కూత వినబడు దూరములోనే, ఖరగపూరు కార్మికుల పిల్లలు చెరసాల గోడలను చూచుచు పెరిగిరి. అయితే ఆ కట్టడమునకు దేవుడు మరియొక గతిని నియమించెను. 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. తరగతులు ఆ హిజ్లీ భవనములోనే ప్రారంభమయ్యెను.

గిరి మార్గము ఇంతలో మరికొంత దూరము సాగెను. 1931లో లండనున జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశమునకు ఆయన కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యెను. 1937 ఎన్నికలలో మదరాసు శాసనసభకు పోటీచేసి బొబ్బిలి రాజాగారిని ఓడించెను. రాజాగారు జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటికి మదరాసు ప్రధానిగా పాలించినవాడు. జమీందారీ ప్రాంతములో రాజును ఓడించుట ఆ దినములలో నమ్మశక్యముకాని సంగతి. అటు పిమ్మట రాజగోపాలాచారిగారి మంత్రివర్గములో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యెను. ఆ మంత్రివర్గమే 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యపాన నిషేధమును అమలుపరచెను. పదునైదేండ్ల క్రిందట ఏ దుకాణముల యెదుట నిలిచి చెరకు పోయెనో, ఆ దుకాణములను మూయించు ప్రభుత్వములో ఇప్పుడాయన సభ్యుడు.

మంత్రి పదవి రెండు సంవత్సరములకు మించి నిలువలేదు. 1939లో యుద్ధము వచ్చెను. ప్రజల సమ్మతి లేకుండ భారతదేశమును యుద్ధములోనికి దింపినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామాలిచ్చినవి. 1940 అక్టోబరులో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహమును ప్రారంభించిరి. అది పూర్వపు ఉద్యమములవంటిది కాదు. గుంపులు లేవు, ఊరేగింపులు లేవు. ఏరి తీసిన ఒక్కొక్క మనుష్యుడు ముందుగా జిల్లా మేజిస్ట్రేటునకు ఉత్తరము వ్రాసి, తాను ఏ దినమున, ఏ స్థలమున యుద్ధమునకు వ్యతిరేకముగా మాటలాడునో తెలియజేయును. ఆ దినమున ఆ స్థలమునకు పోయి, మాటలాడి, అరెస్టగును. మొదటి సత్యాగ్రహి వినోబా భావే. ఆయన అక్టోబరు 17న పౌనారులో మాటలాడెను. 1941 మే నాటికి ఈ విధముగా చెరకు పోయినవారి సంఖ్య సుమారు ఇరువదియైదు వేలు.

ఇట్టి సత్యాగ్రహములో అనుకోకుండ అరెస్టగుట అనునది లేదు. శిక్షను చేతులార పిలుచుకొనవలెను. కాబట్టి ఉత్తరము వ్రాయుటకును అరెస్టగుటకును మధ్యనున్న దినములే అసలైన పరీక్ష. ఆ దినములలో ఇంటి లెక్కలు సరిచూడవలెను. పిల్లల చదువుల సంగతి ఎవరికో అప్పగింపవలెను. ముసలి తల్లిదండ్రుల మందుల మాట, కూతురి పెండ్లి మాట, పొలము పన్ను మాట, ఇవన్నియు ఒక్కొక్కటిగా మనస్సునకు వచ్చును. వెనుకకు మరలుటకు ప్రతి రాత్రియు ఒక మంచి కారణము దొరకును. శత్రువు భయపెట్టుటకంటె ఆప్తుల కన్నీరు బలమైనది. పౌలు కైసరయలో చలించిన హృదయముతో నిలిచినది రోమా భటుల యెదుట కాదు, ఏడ్చుచున్న స్నేహితుల యెదుటనే.

ఆ కాలమున గిరి సుమారు పదునైదు మాసములు చెరసాలలో గడపెను. నిన్నటి మంత్రి నేటి ఖైదీ. ఏ జిల్లా అధికారులు ఆయన కారు రాగానే లేచి నిలిచిరో, ఆ అధికారుల ఉత్తరువుపైననే ఆయన కటకటాల వెనుకకు పోవలసివచ్చెను. గిరి, సరస్వతీబాయి దంపతులకు పదునాలుగురు సంతానము. న్యాయవాద వృత్తి విడిచి ఇరువది సంవత్సరములైన ఇల్లు అది. భర్త చెరసాలలోనుండగా అంత పెద్ద సంసారమును నడపిన సరస్వతీబాయికి ఎవరును దండలు వేయలేదు. శిక్ష పడినవాడు ఒక్కడే. దాని ననుభవించినది ఇంటిల్లిపాదియు. ఇది గిరి ఇంటి సంగతి మాత్రమే కాదు, ఆ ఇరువదియైదువేల యిండ్ల సంగతి. నాయకులకు దొరికిన మెరుగైన తరగతి సామాన్య సత్యాగ్రహికి దొరకలేదు. అతడు సి తరగతి ఖైదీగా ముతక కూడు తిని, పనిచేసి, పేరు లేకుండ తిరిగివచ్చెను.

1942లో గిరి రెండవసారి ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షుడయ్యెను. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానము జరిగెను. మరునాడు తెల్లవారుజామునుండియే దేశమంతట అరెస్టులు ప్రారంభమయ్యెను. గిరియు చెరకు పోయెను. వేలూరు చెరసాలలోను, అమరావతి చెరసాలలోను ఆయన మూడు సంవత్సరములు గడపెను. అమరావతి అనగా కృష్ణాతీరపు మన అమరావతి కాదు, విదర్భ ప్రాంతములోనిది. ఇంటినుండి వందలాది మైళ్ల దూరము. ఈ చెర మునుపటిదానికి పూర్తిగా భిన్నమైనది. శిక్ష పడినవానికి దినములు లెక్కించుకొను ఓదార్పయినను కలదు. విచారణ లేకుండ నిర్బంధింపబడినవానికి ఆ లెక్క లేదు. రేపు విడుదల కావచ్చును, పది సంవత్సరములకు కావచ్చును. మొదటి చెరకు సిద్ధపడుటకు ధైర్యము చాలును. రెండవదానికి ఓర్పు కావలెను. ఐగుప్తులో యోసేపునకు కలిగిన చెర ఈ రెండవ జాతిది. పానదాయకుడు మరచిపోయిన రెండు సంవత్సరములు ఆ యువకుని ఏ విధముగా మలచెనో పరిశుద్ధ గ్రంథము చదివినవారెరుగుదురు.

1945లో గిరి విడుదలయ్యెను. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గములో మరల కార్మిక మంత్రి అయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1947 మొదలు 1951 వరకు సింహళమున భారత హైకమిషనరుగా పనిచేసెను. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గములో కార్మిక మంత్రి అయ్యెను. పనివాడును యజమానియు కోర్టులచుట్టు తిరుగుటకంటె ఎదురెదురుగా కూర్చొని మాటలాడుకొని పరిష్కరించుకొనుట మేలని ఆయన నమ్మకము. ఖరగపూరులో నేర్చిన పాఠమిది. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయములో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చెను. పదవిని తేలికగా పట్టుకొనినవాడే తేలికగా విడువగలడు.

అటుపిమ్మట ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను ఆయన పనిచేసెను. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆకస్మికముగా మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యెను. ఎన్నికలలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, నీలం సంజీవరెడ్డిగారిపై స్వల్ప ఆధిక్యముతో గెలిచి, ఆగస్టు 24న రాష్ట్రపతి పదవి నలంకరించెను. ఆ ఎన్నికను ప్రశ్నించుచు సుప్రీంకోర్టులో దావా పడెను. రాష్ట్రపతి భవనములోనే సాక్ష్యమిచ్చు వీలున్నను, 1970లో ఆయన తానే న్యాయస్థానమునకు పోయి సాక్ష్యమిచ్చెను. పదవిలోనున్న రాష్ట్రపతి ఈ విధముగా చేయుట అదియే ప్రథమము. ఆ దావా కొట్టివేయబడెను. న్యాయస్థానము ఎదుట నిలుచుట ఆయనకు క్రొత్త కాదు. ముప్పది సంవత్సరముల క్రిందట ముద్దాయిగా తలవంచని మనుష్యుడు, రాష్ట్రపతియైన పిమ్మట చట్టము ఎదుట తల వంచెను.

ఆయన జీవితములో ఒక నొప్పి కలిగించు ఘట్టమును దాచుట న్యాయము కాదు. 1974 మే 8న దేశమంతట రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. సుమారు ఇరువది దినములు జరిగిన ఆ సమ్మెలో ప్రభుత్వము వేలాది కార్మికులను అరెస్టు చేసెను. పలువురు ఉద్యోగములు కోల్పోయిరి. రైల్వే క్వార్టర్లనుండి కుటుంబములు వెళ్లగొట్టబడినవి. ఆ ప్రభుత్వము రాష్ట్రపతి పేరిట నడచునది. ఆ రాష్ట్రపతి యాబది సంవత్సరముల క్రిందట రైల్వే ఉద్యోగుల సమాఖ్యకు పునాది వేసినవారిలో ఒకడు. సంచి సర్దుకొని, భార్యకు ధైర్యము చెప్పి, పోలీసులకొరకు ఎదురుచూచిన 1974 నాటి రైల్వే పనివాడు 1940 నాటి గిరి చేసినదే చేసెను. అధికార పీఠము ఎంత మంచివానినైనను ఎంత ఒంటరివానిని చేయునో ఈ ఘట్టము తెలుపును. చెరసాల గోడలు కంటికి కనబడును. పదవి గోడలు కనబడవు.

ఆ సంవత్సరము ఆగస్టు 24న ఆయన పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదు లభించెను. 1980 జూన్ 24న మదరాసులో తన యెనుబదియైదవ యేట ఆయన కన్నుమూసెను. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టబడెను.

ఆయన జీవితమును మొదటినుండి చూచినవారికి ఒక సంగతి తేటపడును. చెరసాలకు సిద్ధపడుట అరెస్టునకు ముందు రాత్రి జరుగు పని కాదు. డబ్లిన్ వీధులలో చూచిన ఆకలి, విడిచిన వృత్తి, సారా దుకాణము ఎదుట నిలిచిన దినము, తల్లి చూపిన మాదిరి, ఖరగపూరులో మూడు మాసములు చల్లారిన పొయ్యిలు, ఇవన్నియు ఆయనను కొంచెము కొంచెముగా సిద్ధపరచినవి. గడియ వచ్చినప్పుడు ఆయన క్రొత్తగా నిశ్చయించుకొనవలసినది ఏమియు మిగులలేదు.

నేడు ఈ పుటలు చదువు కుటుంబములలోను, ఎవరో ఒకరి బంధువు ఏదో ఒక చెరసాలలో దినములు లెక్కించుచుండవచ్చును. అతడు నిర్దోషి కావచ్చును, దోషియే కావచ్చును. దోషియైనను, దాగక, పారిపోక, చేసినదాని నొప్పుకొని శిక్ష అనుభవించుటకు తానే నడచి పోవువాడు అప్పటికే సగము దూరము తిరిగివచ్చినవాడు. అటువంటివాని యింట భార్య కన్నీరు తుడుచుటకు, పిల్లవాని బడి రుసుము కట్టుటకు, ముసలి తల్లికి మందు తెచ్చుటకు సంఘమునకు సెలవు అక్కరలేదు. బంధకములలోనున్నవారిని వారితోకూడ బంధింపబడినట్లే జ్ఞాపకము చేసికొనుమని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక కోరుచున్నది. చెరసాలకు పోవువానితో ద్వారము వరకే పోవుట లోకరీతి. ద్వారము మూసికొనిన పిమ్మట అతని యింటికి తిరిగిపోయి పొయ్యి వెలిగించుట క్రీస్తు ప్రేమ.